గుసగుసల తగవు
తొమ్మిదో భాగం

పోయిన వారం నన్ను మేడగది కిటికీ దగ్గర, టెలిస్కోప్‌కి కన్ను ఆనించిన మనిషిగా వదిలేశాను. కట్టుకున్నవాడి మీద నిఘా వేసే ఆడదేమిటని మీలో కొందరు అనుకునే ఉంటారు. అనుకోండి. నా స్థానంలో ఉంటే మీరు ఇంతకంటే పెద్ద టెలిస్కోప్ తెచ్చుకునేవాళ్లు.

జరిగింది మళ్లీ ఒకసారి చెప్తాను. ఫిబ్రవరి నుంచీ తౌనో ఫోన్ మోగితే చాలు కట్టెల కొట్టంలోకి వెళ్లి మాట్లాడుతున్నాడు. మార్చిలో కొత్త చొక్కా కొన్నాడు, అదీ నీలంది. ఏప్రిల్ చివరి శుక్రవారం మా పక్షుల శిబిరానికి అతిథులు దిగారు. అందులో వెన్లా అనే పిల్ల ఒకతి. ఇరవై నాలుగేళ్లు, నడుముదాకా జడ, భుజాన తన చెయ్యంత లెన్సు. తౌనోకి అరవై ఒకటి. ఆ రాత్రి సాల్మన్ పులుసు తింటూ ఇద్దరూ రెండుసార్లు ఒకరినొకరు చూసుకుని కళ్లు దించుకున్నారు. నేను లెక్కపెట్టాను కాబట్టి చెప్తున్నాను.

మా దగ్గర, పక్షులకి కనపడకుండా కూర్చుని ఫోటోలు తీసే మాటుగుడిసెలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. ఇద్దరు వెళ్తారు, ఒకరు తిరిగొస్తారు. చెట్ల కొసల మీది మాలకాకులు ఆ తిరిగొచ్చే మనిషిని చూసి గుడిసె ఖాళీ అయిందనుకుని ఎర మీద వాలతాయి. అవి వాలితే బంగారు గద్దకి ధైర్యం వచ్చి తనూ దిగుతుంది. పక్షులకు ఒకటీ రెండూ లెక్క రాదు, అంతే సంగతి. ఇరవై రెండేళ్లుగా ఆ తిరిగొచ్చే మనిషిని నేనే. లోపల కూర్చుని ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్న మనిషి తౌనో. ఈ శనివారం మాత్రం “నువ్వు పడుకో హిల్కా, పిల్లని నేనే దింపొస్తా” అన్నాడు. వెలుగు విడీవిడకుండా ఇద్దరూ వెళ్లారు. ఎనిమిదైంది. ఒక్కరూ తిరిగి రాలేదు.

“గద్ద దిగిందా?”

వెనక అయ్లి నిలబడి ఉంది, చేతిలో అల్లిక. డెబ్భై నాలుగేళ్లది. ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరైంది, ఊళ్లో ఎవరింటికి ఏ ఉత్తరం వచ్చిందో ఇప్పటికీ గుర్తే. ఏటా ఈ శిబిరానికి వస్తుంది, పక్షుల్ని పెద్దగా పట్టించుకోదు. మిగతా అతిథులు హంసలు చూడటానికి సరస్సుకి వెళ్తే ఈవిడ కాఫీ కోసం ఉండిపోయింది.

“లేదు,” అన్నాను.

“మరి అంతగా ఏం చూస్తున్నావే?”

“గాలి ఎటు వీస్తోందో చూస్తున్నా.”

“టెలిస్కోప్‌తోనా?”

మళ్లీ కన్ను పెట్టాను. చిత్తడి నేలకు అవతలి అంచున గుడిసె కనిపిస్తోంది. దాని ముందు గోడకు గుడ్డ తొడిగిన కన్నాలు రెండు. ఎడమ కన్నంలోంచి ఒక లెన్సు బయటికి వచ్చి ఉంది. కుడి కన్నం ఖాళీ. అది తౌనో కూర్చునే చోటు. పొద్దున అతని కెమెరా సంచీ కొక్కేనికి లేదు, తీసుకునే వెళ్లాడు. తీసుకెళ్లిన కెమెరాని నాలుగు గంటలుగా సంచీలోంచి తియ్యలేదంటే ఆ మనిషి లోపల ఏం చేస్తున్నట్టు?

“ఇద్దరు మనుషులు, ఒక్క లెన్సు,” అన్నాను.

అయ్లి కిటికీ దగ్గరికి వచ్చింది. “ఆ చలికి తౌనో రెండు జతల ఉన్ని లోప్యాంట్లు వేసుకుని ఉంటాడు. అవి విప్పేసరికే మధ్యాహ్నం అవుతుంది. నీకొచ్చిన భయమేం లేదు.”

“నవ్వు రావట్లేదు అయ్లీ.”

“నాకూ రాలేదు, నీ ముఖం చూసి అన్నా. ఆ మడమలు నేలకేసి కొట్టడం మాను, కింద గది కప్పు ఊడేట్టుంది. అంత మంటగా ఉంటే వెళ్లి తలుపు తియ్యి.”

వెళ్లడానికి లేదు. వంటగది తలుపు మీద నా చేత్తో నేనే రాసిన మాట ఉంది: మాటులో మనిషి ఉండగా ఎవరూ చిత్తడి దాటకూడదు. కిందటేడు ఒక పెద్దమనిషి పెళ్లాం మరిచిపోయిన చేతితొడుగులు ఇచ్చొద్దామని చిత్తడి మీది చెక్కపలకల బాట మీద సగం దూరం పోయాడు. కాకులు గోల చేసి లేచిపోయాయి, ఆరు రోజులు గద్ద ఇటు చూడలేదు. ఆ మనిషిని అదే రోజు సామాను సర్దించి పంపేశాను. ఇప్పుడు నేనే ఆ బాట ఎక్కితే శిబిరానికి వచ్చినవాళ్ల ముఖం ఎలా చూడను? అదొక్కటే అయితే పర్వాలేదు. తలుపు తీశాక లోపల కనిపించేది ఎలా చూడను, అది అసలు భయం. ఇరవై రెండేళ్ల కాపురం ఆ తలుపు అవతల ఉంది.

“ఇద్దరం పోదాం,” అంది అయ్లి అల్లిక సంచీలో వేస్తూ. “నేను లోపల ఉండిపోతా. నువ్వు నీ మొగుణ్ని చెవి పట్టుకుని లాక్కొచ్చేయ్. ఇద్దరు వెళ్లారు, ఇద్దరు వచ్చారు. కాకులకేం తెలుస్తుంది?”

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు బూట్లు వేసుకున్నాను. తౌనో పాత కోటు తగిలించుకున్నాను, మోచేతి దగ్గర చిరిగింది, అదే చేతికి దొరికింది. జుట్టంతా ఉన్ని టోపీలోకి తోసేశాను.

పలకల బాట మీద రాత్రి మంచు ఇంకా గట్టిగానే ఉంది. అయ్లి నా వెనక నెమ్మదిగా నడుస్తోంది. నేను దారంతా మాటలు కూర్చుకున్నాను. ‘కానివ్వండి, నాకోసం ఆగకండి’ అందామనుకున్నాను. అది మరీ చౌకగా అనిపించింది. ‘కాఫీ తెచ్చాను, ఇద్దరికీ సరిపోతుంది’ అందామనుకున్నాను. ఆ పిల్ల జడ గుర్తొచ్చింది. ఇరవై నాలుగేళ్లప్పుడు నాకూ ఉండేది జడ, తౌనో దాన్ని చూడనే లేదు, అతను నన్ను చూసేనాటికి కత్తిరించేశాను. ఆ కుళ్లు కూడా కలిసింది.

గుడిసె వెనక తలుపు దగ్గర ఆగాను. లోపలినుంచి చప్పుడు లేదు. గడియ తీశాను.

లోపల ఎవరూ లేరు.

లెన్సు స్టాండు మీద ఉంది, దాని వెనక మనిషి లేడు. బల్ల మీద రెండు కప్పులు, అడుగున చల్లారిన కాఫీ. బల్ల కింద తౌనో సంచీ, జిప్పు కూడా తియ్యలేదు. ఆవిరిస్నానానికి తప్ప ఆ మనిషి కెమెరా వదిలి ఎక్కడికీ వెళ్లడు. నా పక్కన పడుకున్నప్పుడు కూడా అది మంచం పక్కన ఉండాల్సిందే.

“పారిపోయారంటావా?” అంది అయ్లి. ఈసారి ఎగతాళి లేదు.

గుడిసె వెనక స్ప్రూస్ చెట్లు దట్టంగా ఉంటాయి, అటునుంచి వెళ్తే కాకులకు కూడా కనపడరు. నీడలో మిగిలిన మంచు మీద అడుగులు పడి ఉన్నాయి. రెండు జతలు. చిన్న అడుగులు ముందు, పెద్దవి కాస్త వెనక. ఉత్తరం వైపు.

ఉత్తరం వైపని చూడగానే అయ్లి వైపు తిరిగాను.

“అయ్లీ, నువ్విక్కడే ఉండు. కదలకు.”

“నలుగురం లోపలికి వచ్చాం, ఒక్కరం తిరిగి పోలేదు. కాకులు ఏమనుకుంటాయే?”

“వాటి సంగతి తర్వాత చూస్తా,” అని అడుగుల వెంట పడ్డాను.

ఎనిమిది వారాలుగా మీకు అన్నీ చెప్పుకుంటూ వచ్చాను కానీ ఒక్కటి దాచాను. ఉత్తరాన, చిత్తడి చివర గట్టుకి ఎదురుగా ఒక ముసలి పైన్ చెట్టుంది. దాని మీద బంగారు గద్ద గూడుంది. ఆ సంగతి తౌనోకి తెలియదు. తెలియకుండా చూసింది నేను.

పెళ్లికి మూడేళ్ల ముందు, గద్దల్ని లెక్కపెట్టే పనికి వచ్చిన రోజుల్లో ఆ గూడు కనిపెట్టాం. మేమంటే నేనూ, నాతోపాటు ఆ పనికే వచ్చిన రేయో. ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. పక్షులు చూసే మా మనుషుల్లో దీనికి ఎంత విలువుందో బయటివాళ్లకి చెప్పినా అర్థం కాదు. ఒకరి మొగుడు ఇంకొకరి పక్కన దొరికితే ఊరు ఒక చలికాలం మాట్లాడుకుని వదిలేస్తుంది. గద్దగూడు ఎవరికైనా చూపించావని తెలిస్తే చచ్చేదాకా నీతో ఎవరూ కాఫీ తాగరు. ఆ చెట్టు కింద ఒట్టేసుకున్నాక రేయో సముద్రపు ఒడ్డున ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. నేను మరి మూడేళ్లకి తౌనోని చేసుకున్నాను. మాటు అతనిది, ఫోటోలు అతనివి, పేరు అతనిది. గూడు ఒక్కటే నాది. అందుకే దాచుకున్నాను.

ఇప్పుడు అతను ఆ గూటి దగ్గరికి ఇంకో ఆడపిల్లతో వెళ్లాడు. ఎలా తెలిసింది, ఎప్పుడు తెలిసింది అన్నది నా బుర్రకి రాలేదు. నా చెట్టు దానికి చూపిస్తున్నాడు, అదొక్కటే వచ్చింది. దాని పక్కన పడుకున్నా ఇంత మండేది కాదేమో.

గట్టు వెనక పడిపోయిన మాను చాటున ఇద్దరూ నాచు మీద బోర్లా పడుకుని ఉన్నారు. మధ్యలో చిన్న టెలిస్కోప్. తౌనో నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టి, పక్కన జాగా చూపించాడు. ఉలిక్కిపడలేదు. నన్ను పిలిపించి కూర్చోబెట్టుకున్నట్టుంది అతని వాలకం.

నేను పాకుతూ వెళ్లి పక్కన వాలాను. అవతల అయిదువందల గజాల్లో పైన్ చెట్టు, దాని మీద గూడు, గూట్లో బంగారు రంగు మెడ. గుడ్ల మీద కూర్చుని ఉంది. ఇక్కడ గట్టిగా దగ్గితే లేచిపోతుంది, లేస్తే ఈ చలికి గుడ్లు గంట కూడా నిలవవు. ప్రపంచంలో ఏ పెళ్లానికైనా ఇంతకంటే చెడ్డ చోటు దొరుకుతుందా తగవుకి?

“ఏప్రిల్‌లోనా?” అన్నాను గుసగుసగా. “పొదిగే రోజుల్లో గూటి దగ్గరికి ఒక పిల్లనేసుకుని వస్తావా? ఇంకెవరైనా వస్తే నువ్వే తన్నేవాడివి.”

“గూడు ఉందని నీకు తెలిసినట్టుందే,” అన్నాడు.

అతను వచ్చిన చోటికి నేను అడుగులు చూసుకుంటూ వచ్చాను, నిజమే. కానీ ఆఖరి వంద గజాలు పాకి రావాలని ఏ అడుగులు చెప్తాయి? తెలిసినవాళ్లే పాకుతారు. అతను అదంతా టెలిస్కోప్ వదిలి చూస్తూనే ఉన్నాడు.

“మాట మార్చకు. ఎన్నాళ్లుగా?” అన్నాను.

“అది నేనడగాల్సింది.”

“ఫిబ్రవరి నుంచి ఫోన్లు. కొత్త చొక్కా. నన్ను గుడ్డిదాన్ని చేసి...”

“చొక్కా ఎందుకో తెలుసా? కోర్టుకెళ్లేవాడు మంచి బట్టలు కొనుక్కుంటాడు. అలా కొన్నా.” తౌనో ఎప్పుడూ ఇలా మాట్లాడే మనిషి కాదు. నాలుగు మాటలు కావాలంటే రెండు అడిగి తీసుకోవాలి. “వెన్లా, అది చూపించు.”

ఆ పిల్ల ముఖం కందిపోయింది. “నాకు ఇలా అవుతుందని తెలీదండీ. నిజంగా తెలీదు.” జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

తెరమీద గళ్ల నోటుపుస్తకం పేజీ. ఆ పైన్ చెట్టు దగ్గరి మొద్దు కింద రేకు డబ్బాలో ఉండే పుస్తకం. పాతికేళ్లుగా నేనూ రేయో మారిమారి రాసింది. అతను మేలో వచ్చేవాడు, నేను జూన్‌లో వెళ్లేదాన్ని, చెల్లెలి ఇంటికని చెప్పి. ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఏ ఏడాది, గూట్లో పిల్లలెన్ని, వాన పడిందా లేదా, అంతే రాసుకునేవాళ్లం. మొదట్లో అంతే.

“కిందటి మేలో నాన్న మోకాలికి ఆపరేషన్ అయింది,” అంది వెన్లా. “నన్ను వెళ్లి లెక్క రాసి రమ్మన్నాడు. ‘హి’ అని సంతకం చేసేది ఎవరని అడిగితే చెప్పలేదు. నాకు ఆరాటం ఆగలేదు. ఫిబ్రవరిలో మీ శిబిరం ఫోటోలు చూస్తున్నా. అందులో నల్లబల్ల మీద మీరు సుద్దతో రాసిన పక్షుల జాబితా ఉంది. అదే చేతిరాత. మీరేనా అని ఈ పేజీ జతచేసి మెయిల్ పెట్టాను. మెయిళ్లు ఈయన చూస్తారని నాకేం తెలుసు?”

నాన్న. ఈ పిల్ల రేయో కూతురు. ఇరవై నాలుగేళ్లది. నా బుర్ర నాకు తెలియకుండానే తీసివేత చేసేసింది. అతను ఇక్కడినుంచి వెళ్లి ఏడాది తిరక్కుండా పుట్టింది. అంటే ఒడ్డుకి చేరీ చేరగానే ఇంకొకతిని చూసుకున్నాడు. పాతికేళ్లు గద్దపిల్లల లెక్క రాశాడు, తన పిల్ల సంగతి ఒక్క మాట రాయలేదు. నా మొగుడు నన్ను నిలదీస్తుంటే, నేను పేరు కూడా తెలియని రేయో పెళ్లాన్ని చూసి కుళ్లుకుంటున్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

“అవి ఉత్తరాలు కావు తౌనో. పిల్లల లెక్క,” అన్నాను.

“రెండువేల పదకొండు,” అన్నాడు గూటివైపు చూస్తూనే. చూసి చదవడం లేదు, కంఠతా వచ్చేసింది. “అతను: ‘ఈసారి ఒక్కటే పిల్ల. నువ్వెలా ఉన్నావు?’ నువ్వు: ‘రెండోది ఆలస్యంగా వచ్చింది, బలహీనంగా ఉంది. నేను బాగానే ఉన్నా. బాగానే ఉన్నానని ఎందుకు రాశానో తెలీదు.’ ఈ జవాబు చదవడానికి అతను పదకొండు నెలలు ఆగాడు హిల్కా. నేను ఉప్పు ఎక్కడుందని అడిగితే నువ్వు జవాబివ్వవు.”

“నువ్వు ఉప్పు తప్ప ఇంకేమైనా అడిగావా?” అనేశాను. గుసగుస దాటి పైకి పోయింది గొంతు.

వెన్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అవతల గూట్లో మెడ లేచింది.

ముగ్గురం నాచులోకి ముఖాలు దించేశాం. గద్ద మా వైపే చూస్తోంది. పక్షికి అనుమానం వస్తే అది తీరేదాకా కదలదు, మనమూ కదలకూడదు. పది నిమిషాలో ఇంకా ఎక్కువో. తడి కోటులోంచి మోచేతికి తగులుతోంది. తౌనో భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. మామూలుగా అయితే ఆ వెచ్చదనం నాకు ఇష్టం. అతను ఊపిరి కూడా లెక్కగా తీస్తున్నాడు. నా నోట్లో వంద మాటలు ఉన్నాయి, ఒక్కటీ అనడానికి లేదు. ఎదుటివాడు ఏమనుకుంటున్నాడో ఊహించుకుంటూ పడి ఉండటం తప్ప చేసేదేమీ లేదు. పొద్దున్నుంచీ అతని మీద నేనెంత ఊహించానో, రెండు నెలలుగా నా మీద అతనూ అంత ఊహించి ఉంటాడని అప్పుడే తట్టింది.

గద్ద మెడ దించుకుంది.

“నాకు అతని మీద కోపం లేదు,” అన్నాడు తౌనో. గొంతు ఇంకా తగ్గింది. “అతన్ని ఎప్పుడూ చూళ్లేదు. నా కోపం ఆ రొట్టెల పొట్లం మీద.”

“ఏ పొట్లం?”

“ప్రతి వసంతంలో గూడు వెతకడానికి బయల్దేరేవాణ్ని. నా ఎర మీదకి దిగే గద్ద ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవాలని నాకు ఎంత కోరికో నీకు తెలుసు. ప్రతిసారీ రొట్టెలు కట్టిచ్చి, దక్షిణం వైపు చూడు తౌనో, నిన్న అటు ఎగురుతుంటే చూశాను అనేదానివి. ఇరవై రెండేళ్లు. దక్షిణాన ప్రతి చెట్టూ నాకు తెలుసు. మోకాళ్లదాకా బురదలో దిగి ఇంటికొస్తే వేడినీళ్లు పెట్టేదానివి. పాపం, ఈ ఏడూ దొరకలేదా అనేదానివి.”

పాపం అన్నమాట నిజంగానే అనేదాన్ని, అనేటప్పుడు లోపల కొంచెం సంతోషంగానే ఉండేది. అతని ఫోటో పత్రికలో వచ్చిన ఏడాది ఇంకా దూరం పంపాను. ఆ ఫోటోలో గద్ద రెక్కలు విప్పి దిగుతోంది, దాన్ని దించడానికి వెనక్కి నడిచొచ్చిన మనిషి పేరు ఎక్కడా లేదు.

“ఒట్టు వేసుకున్నాను,” అన్నాను.

“నాతో కూడా వేసుకున్నావు, చర్చిలో. గుర్తుందా?”

వెన్లా అటు తిరిగి పడుకుని కళ్లు తుడుచుకుంటోంది. “నేను కాస్త అవతలికి వెళ్తానండీ,” అంది.

“ఉండమ్మా, కదిలితే చూస్తుంది,” అన్నాడు తౌనో. “ఇంకొక్క మాటుంది, అదీ నీ ఎదుటే చెప్పాలి.”

అప్పుడు మొదటిసారి గూటివైపునుంచి పూర్తిగా నావైపు తిరిగాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. నాకు భయం వేసింది. ఈ పిల్లతో అనుకున్నది కాదు, వేరే ఏదో ఉంది, ఇంటికి సంబంధించింది, సామాను సర్దుకోమనేది. అనుమానించి వచ్చినదాన్ని, ఇప్పుడు అతన్ని పోగొట్టుకుంటానేమోనని అతని కోటు అంచు పట్టుకున్నాను.

“నా తప్పుంది తౌనో. ఇంటికి పోదాం. గట్టిగా అరుచుకుందాం, వంటగదిలో. ఇక్కడ వద్దు,” అన్నాను.

“రేయోకి నేనే ఫోన్ చేశా,” అన్నాడు. “మూడుసార్లు. కట్టెల కొట్టంలోంచి. పెళ్లాం పోయి నాలుగేళ్లయిందట. మంచిగానే మాట్లాడాడు. శిబిరానికి రమ్మన్నా. పదిన్నర బస్సుకి దిగుతాడు.”

పైన్ చెట్టు, గూడు, ఎదురుగా అతని ముఖం, అన్నీ అలాగే ఉన్నాయి. గడియారం చూసుకోలేదు. చూసుకోకుండానే ఇంకా గంట కూడా లేదని లెక్క తేలింది. ఒంటిమీద చిరిగిన కోటు ఉందన్నది తేలింది. నా చెయ్యి దానంతటదే అతని కోటు వదిలి పైకి వెళ్లింది, టోపీ కిందనుంచి జారిన జుట్టుపాయను చెవి వెనక్కి సర్దింది.

తౌనో ఆ చేతిని చూశాడు. పక్షి ఎక్కడ వాలుతుందో ముందే తెలిసిన మనిషి అది వాలేదాకా ఎలా ఆగుతాడో, అలా ఆగి చూశాడు.

“అది చూద్దామనే ఇక్కడ చెప్పా,” అన్నాడు. “ఇంట్లో అయితే అరుస్తావు, అరిచేటప్పుడు నీ ముఖంలో ఏముందో తెలీదు. ఇక్కడ అరవలేవు.”

“తౌనో, అది ఊరికే...”

“చాలు హిల్కా.”

లేచాడు. పొదిగే గూటి ఎదుట నిటారుగా లేచి నిలబడటం ఆ మనిషి జీవితంలో చేసి ఎరగడు. మాను దాటి, చెట్ల నీడ వదిలి, బట్టబయలు చిత్తడిలోకి దిగాడు. బస్సు ఆగే రోడ్డుకి అదే దగ్గరి దారి. “అయ్యో, వద్దండీ,” అని వెన్లా నోరు నొక్కుకుంది. నేను పేరు పెట్టి పిలిచాను, గుసగుసగానే, అతనికి వినపడదని తెలిసీ.

గూటి మీంచి గద్ద లేచింది. రెక్కలు రెండుసార్లు కొట్టి చెట్టుకి అవతల దిగిపోయింది. గుడ్లు చలిలో ఉండిపోయాయి, తౌనో వెనక్కి తిరిగి చూడలేదు.